సువార్త ఆగినచోట

శుక్రవారం రాత్రి, మార్కాపురం

స్పీకింగ్ క్లబ్‌లో ఈరోజుతో శిక్షణ అయిపోయింది. మా అమ్మాయి సువార్త మాట్లాడుతూ మధ్యలో ఆగింది. ఆటిజం ఉన్న పిల్ల, తట్టుకోలేదేమోనని నేను లేచి తర్వాతి వాక్యం అందించాను.

"కూర్చో నాయనా. నేనేం మర్చిపోలా. ఆ ఫ్యాన్ల మోత ఆపితే చెప్తా," అంది మైకులోనే.

"సారూ, మీ ఉపన్యాసం ఇంకోరోజు పెట్టుకుందాం," అన్నాడు క్లబ్ నడిపే ఖాదర్ భాయ్. అందరూ నవ్వారు. ఫ్యాన్లు ఆపి, చెమటలు తుడుచుకుంటూ చివరిదాకా విన్నారు. రేపు ఊరందరి ముందు జరిగే క్లబ్ ముగింపు సభ నువ్వే నడిపించమ్మా అన్నారు.

"నడిపిస్తా. నాయన మాత్రం లోపలికి రాగూడదు."

వాళ్లమ్మ బతికున్నప్పుడు ప్రతి వారం క్లబ్‌కి తీసుకొచ్చి లోపలే కూర్చునేది. ఒక్క మాటా అందించేది కాదు. రేపు అంతమంది ముందు మళ్లీ ఆగితే, వాళ్లు ఎదురుచూస్తారో లేదో...

పొద్దున్నే సువార్తను గేటు దగ్గర దింపి, బయటే ఉంటాను.