ఎవరితోనూ మాట్లాడని పెట్టె

శ్రీవారికి,

ఇక్కడ నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం. మీరూ, మీతోపాటు మీ ఓడ ఇంజనూ క్షేమమనే నమ్ముతున్నాను. ఇంజన్‌కి చేసే సేవలో సగమైనా మీ నడుముకి చేసుకోండి. అత్తయ్య మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగారు. మోకాళ్లు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం రోజురోజుకీ మెరుగవుతోంది.

మీ ఉత్తరంలో ముప్పావు భాగం ఒకటే పాట. కంపెనీ ఓనరుతో పెట్టుకోకు, కొరివితో తల గోక్కోకు, సారీ చెప్పేసి నీ పని నువ్వు చేసుకో అని. దానికి జవాబు చివర్లో చెబుతాను. ముందు మీ వెక్కిరింత సంగతి చూద్దాం.

"కంటికి కనబడని డబ్బుకి చేతికి తగిలే పెట్టె ఎందుకోయ్, అదీ పెన్సిల్ బ్యాటరీలతో? ఛార్జింగ్ వైరు పెట్టడం రాలేదా?" అని రాశారు. వచ్చు మహానుభావా. క్రిప్టో డబ్బు ఉన్నవాళ్ల దగ్గర నిజంగా ఉండేది ఒక పొడవాటి రహస్య సంఖ్య. అదే తాళంచెవి. అది ఎవరి చేతిలో పడితే డబ్బు వాళ్లది, పోయిందని మొరపెట్టుకోవడానికి బ్యాంకు మేనేజరు కూడా ఉండడు. ఫోనులో దాచుకుందామంటే ఫోను ఊరందరితో కబుర్లాడే రకం. అందుకే ఆ తాళంచెవి దాచడానికి కంపెనీలో నేను డిజైన్ చేసిన పెట్టెకి ఇంటర్నెట్ లేదు, వైరు లేదు. డబ్బు పంపాలంటే ఫోను ఒక క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. పెట్టె దాన్ని తన కెమెరాతో చూసి, లోపలే సంతకం చేసి, తన తెర మీద ఇంకో కోడ్ చూపిస్తుంది. తాళంచెవి మాత్రం గడప దాటదు. ఛార్జింగ్ వైరు కరెంటుతోపాటు కబుర్లూ మోసుకొస్తుంది. బ్యాటరీకి ఇవ్వడమే తెలుసు, కూపీ లాగడం తెలియదు.

పెట్టెలో, వైరు లేకుండానే బయటికి కబుర్లు పంపే వైర్‌లెస్ ముక్క పెట్టమని ఓనరు అడిగాడనీ, కుదరదని నేను గొడవపడ్డాననీ పోయిన ఉత్తరంలో రాశాను కదా. "అవునవును, నువ్వన్నదే కరెక్టమ్మా" అన్నాడు. ఎవరేమన్నా అవునవును అంటాడనే కదా మేమంతా ఆయన్ని అవునవును గారు అనేది. నేనే మరిచిపోయి నమ్మాను.

ఫ్యాక్టరీ నుంచి తయారై వచ్చిన మొదటి పెట్టెను ఇంటికి తెచ్చాను. అత్తయ్య బిగుసుకుపోయిన వేళ్లతో బటన్లు నొక్కగలిగితే లోకంలో అందరూ నొక్కగలరని నా లెక్క. ఆవిడ వంటింట్లో రేడియో పక్కన కూర్చుని పెట్టె ఆన్ చేశారు. రేడియో గరగరమంది.

"నీ డబ్బా నా పాటను మింగేస్తోందే అమ్మాయ్!" అని విసుక్కున్నారు.

దూరం జరిపితే పాట, దగ్గరికి తెస్తే గరగర. నేను చేత్తో చేసుకున్న పాత నమూనా తెచ్చి అక్కడే పెట్టాను. రేడియో హాయిగా పాడింది. కొత్త పెట్టె స్క్రూలు విప్పి చూస్తే, రేపెప్పుడైనా పనికొస్తుందని బోర్డు మీద నేను వదిలిన ఖాళీలో వైర్‌లెస్ ముక్క దర్జాగా కూర్చుని ఉంది. మా వృత్తిలో అందరికీ ఉన్న జబ్బే అది, ఖాళీ వదలకుండా బోర్డు గీయలేం.

"తాళం వేశావు, గొళ్లెం మరిచావు" అన్నారు అత్తయ్య. నిజమే మరి.

ఓనరుని నిలదీశాను. "కస్టమరు పెట్టె పారేసుకుంటే పాపం కదమ్మా, తాళంచెవి కాపీ ఒకటి మన దగ్గర ఉంటే మంచిదేగా" అన్నాడు.

"ఆ సంగతి కస్టమరుకి చెబుతారా?"

"చెబితే కొనరు కదమ్మా" అని, ఒక సర్టిఫికెట్ నా ముందుకు తోశాడు. ఈ పెట్టె బయటికి మాట్లాడదు అని రాసి ఉంది. దాని కింద డిజైన్ చేసిన ఇంజనీరు సంతకం కావాలి. "మీరుంటున్న ఇల్లు కూడా కంపెనీదే, గుర్తుందిగా" అని నవ్వాడు.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ నాన్చాను, తిట్టుకోకండి. పెట్టెను డీలర్లకి చూపించే రోజున నన్నూ స్టేజీ ఎక్కించారు, సంతకం అందరి ముందే పెట్టించాలని. నేను అత్తయ్య రేడియో తీసుకెళ్లాను. భయం వేసింది, నిజం. మైకు ముందు రేడియో పెట్టి, పక్కన పెట్టె పెట్టి ఆన్ చేశాను. హాలంతా గరగర. "ఇది ఎవరితోనూ మాట్లాడదని నన్ను సంతకం పెట్టమంటున్నారు. మీరే వినండి, ఎంత చక్కగా మాట్లాడుతోందో" అన్నాను. ఒక డీలరు పకపకా నవ్వాడు. మిగతావాళ్లు లేచి వెళ్లిపోయారు. ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది, ఇల్లు ఆ వారంలోనే పోయింది.

కాబట్టి ఓడ దిగాక పాత ఇంటికి వెళ్లకండి. కవరు మీద ఉన్న అడ్రసుకి రండి. సైకిల్ షాపు పైన రెండు గదులు. ఒక దాంట్లో మంచాలు, ఒక దాంట్లో సోల్డరింగ్ బల్ల, పొయ్యి. కొత్త బోర్డు గీశాను. గోరు పట్టేంత ఖాళీ కూడా వదల్లేదు. నవ్విన ఆ డీలరు మెట్లెక్కి వచ్చి, "తయారయ్యాక నాకే ముందు చూపించాలమ్మా" అని చెప్పి వెళ్లాడు. కొంటాడో లేదో తెలియదు.

నిన్న ఓనరు మనిషి ఒక కాగితం తెచ్చాడు. రేడియో పాతది, గరగర దానిదే, పొరపాటు నాదే అని ఉంది. సంతకం పెడితే ఉద్యోగమూ ఇల్లూ రెండూ తిరిగి ఇస్తారట. చదివి వినిపిస్తే అత్తయ్య, "అబద్ధానికి అద్దె కింద ఇల్లిస్తాడటా?" అని అటు తిరిగి పడుకున్నారు.

మీరు సారీ చెప్పమన్నారు. చెప్పను. మీకు కోపం వస్తే రానివ్వండి, నేను పడతాను. కానీ కుక్కిన పేనులా పడి ఉండి, నన్ను నమ్మి కొనుక్కునే మనిషి తాళంచెవిని దొంగ చేతికి అందించలేను. ఈ ఇంటికి నచ్చి వస్తారో, నచ్చక వస్తారో మీ ఇష్టం. రావడం మాత్రం రండి, మీరు లేకపోతే నాకు బాగుండదు. కాగితం ఎలా వచ్చిందో అలాగే తిరిగి వెళ్లింది.

ఇట్లు,
దాని మీద పెట్టని సంతకాన్ని దీని మీద సంతోషంగా పెడుతున్న
మీ భార్య