గిన్నెడు మంచు

కమ్మింగ్, జార్జియా
జనవరి 27, మంగళవారం

చి.ల.సౌ. రాగిణికి,

ప్రసూనక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ మేము కులాసా. మీరూ కులాసాయే అనుకుంటాను. నవంబర్ నుంచి నీ క్షేమం తెలియాలంటే మీ గరాజ్ ముందు కారు ఉందో లేదో చూసుకోవడమే నాకు దిక్కయింది. వాట్సాప్‌లో బ్లాక్ చేశావు, ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకే చేత్తో రాసి మీ తలుపు కింద నుంచి తోస్తున్నాను. అప్పటి పాట్‌లక్ విందులో నువ్వన్న మాట గురించి కాదులే, కంగారుపడకు. పిల్లల ముక్కులు తుడిచే జాబ్ రాగానే అక్క పెద్ద టీచరైపోయిందని అందరి ముందూ అన్నావు. నిజమే, తుడుస్తాను. మీవాడి ముక్కూ తుడిచాను. కోపంలో అక్కడే వదిలేసి వచ్చిన నా పులిహోర గిన్నె మాత్రం ఎప్పుడైనా పంపించు.

విషయానికొస్తాను. శుక్రవారం స్కూల్లో మీ విహాన్ గురించి మీటింగ్ ఉంది. ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో చేరినప్పటి నుంచి వాడు క్లాసులో పెదవి విప్పలేదు కాబట్టి, మాటలు రాని పిల్లల కోసం ఉన్న వేరే క్లాసులో వేద్దామని కాగితాలు సిద్ధం చేశారు. నీ సంతకం ఒక్కటే తక్కువ. రాగిణీ, నువ్వా సంతకం పెట్టకూడదు. ఎందుకో చెబుతాను, చించి పారేయకుండా చివరిదాకా చదువు.

ఆదివారం పడిన రెండంగుళాల మంచుకే మన ఊరు ఎలా చేతులెత్తేసిందో చూశావుగా. రెండు రోజులు పిల్లలకు ఇంటినుంచే క్లాసులన్నారు. మా క్లాస్ టీచర్ మిసెస్ హాలొవే ఇంట్లో కరెంట్ పోయింది. నిన్న పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసి, ఈ రెండు రోజులూ క్లాసు నువ్వే నడపాలి, పాఠాలేమీ వద్దు, ఇంట్లో ఉన్నవాటితోనే ఏదో ఒకటి చేయించమంది. అసిస్టెంట్‌గా చేరాక పంతొమ్మిది మందినీ నా ఒక్కదాని చేతిలో పెట్టడం ఇదే మొదలు. అయినా సరేనన్నాను.

నిన్న సాక్సుల లెక్క. లాండ్రీ బుట్ట ముందేసుకుని జతలు కలపాలి, ఎన్ని జతలో చెప్పాలి. మేధ వాళ్ళింట్లో జత లేనివి ఏడు తేలాయి. వాళ్ళమ్మ వెనక నుంచి కెమెరా ఆపవే తల్లీ అని ఒకటే గోల. విహాన్ కెమెరాలో మాత్రం మీ ఇంటి సీలింగ్ ఫ్యాన్ తప్ప ఇంకేమీ కనబడలేదు. చివర్లో ఒక కాగితం పైకి లేచింది. దాని మీద పద్నాలుగు అని అంకె. లెక్క తప్పలేదు, మాటే రాలేదు.

ఇవాళ తలా ఒక గిన్నెడు మంచు తెచ్చుకోమన్నాను. ముందు దాని బొమ్మ వేయాలి, తర్వాత పది నిమిషాలకోసారి చూసి ఏమైందో చెప్పాలి. నేనూ మా మెట్ల మీది మంచు ఒక గిన్నెకెత్తి వంటింటి గట్టు మీద పెట్టుకున్నాను. మీ ఇంట్లో పక్క గదిలోంచి నీ ఆఫీస్ కాల్ వినబడుతూనే ఉంది. మూడోసారి చూసే వేళకు విహాన్ మైక్ ఆన్ అయింది. ఆంటీ, మంచు వాటర్ అయిపోయింది, బట్ కొంచెమే ఉంది, మిగతాది ఎవరు తాగేశారు అని అరిచాడు!

పిల్లలందరూ బిగుసుకుపోయారు. ఇంగ్లీషులో చెప్పు నాన్నా అనబోయి ఆగాను. ఎవరూ తాగలేదురా, మంచు మధ్యలో బోలెడు గాలి దాక్కుని ఉంటుంది, అది వెళ్ళిపోయిందని క్లాసందరి ముందూ తెలుగులోనే జవాబిచ్చాను. మంచు అంటే ఏమిటని ఎవరో అడిగారు. నేను చెప్పేలోపే వాడందుకున్నాడు. ఇంగ్లీషులో, గడగడా. స్నో అంటే మంచు, ఐస్ కూడా మంచే, పొద్దున కార్ కనబడకుండా చేసే పొగలాంటిదీ మంచే, గడ్డి మీద తడీ మంచే, మీకెందుకు అన్ని మాటలు అని వాళ్ళనే ఎదురడిగాడు. గడియారం చూశాను. పదకొండు నిమిషాలు మాట్లాడాడు. క్లాసంతా రికార్డయి ఉంది. మిసెస్ హాలొవే రెండుసార్లు విన్నానని ఇందాకే ఫోన్ చేసింది.

మాటలు రాని పిల్లవాడు కాడు వాడు. తెలుగు వల్లే గందరగోళపడుతున్నాడేమోనని, ఇంట్లో తెలుగు మానేశామని స్కూల్ ఫారంలో రాశావు. ఈ పూటే మళ్ళీ మొదలుపెట్టు. శుక్రవారం ఆ రికార్డింగ్ పెట్టమని అడుగు. నేనూ అడుగుతాను. వాళ్ళు ఎన్ని కాగితాలు ముందుకు తోసినా పెన్ను తీయకు.

ఎప్పటికీ నీ మంచి కోరే,
ప్రసూనక్క

తా.క.: కవరు అంటించి మళ్ళీ చింపాను. అసలు సంగతి రాయకుండా అంత ఉత్తరం రాశాను. ఆగస్టులో మొదటిరోజు విహాన్ నన్ను క్లాసులో చూడగానే పరుగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేసుకున్నాడు. తెలుగులో ఒకటే కబుర్లు. గుమ్మంలో ప్రిన్సిపాల్ నిలబడి ఉంది. వర్క్ పర్మిట్ కోసం ఏడేళ్ళు ఎదురుచూశాక వచ్చిన మొదటి ఉద్యోగం. భయమేసింది. వాడి చేతులు విడదీసి, ఇక్కడ మాట్లాడకు, మాట్లాడితే ఆంటీని ఇంటికి పంపేస్తారని చెవిలో చెప్పాను. తెలుగులో మాట్లాడొద్దని నా ఉద్దేశం. అసలు మాట్లాడొద్దని వాడికర్థమైంది. నా వల్లేనేమోనని అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది. కాదులే అని సర్దిచెప్పుకున్నాను. ఇవాళ అందరూ వెళ్ళిపోయాక వాడొక్కడే స్క్రీన్ మీద ఉండిపోయి, ఆంటీ, నువ్వు ఆల్రెడీ ఇంట్లోనే ఉన్నావు కదా, ఇవాళ మాట్లాడేశాను, ఓకేనా అని అడిగాడు. ఐదు నెలలు ఆ పసివాడు నా ఉద్యోగాన్ని కాపాడాడు రాగిణీ. శుక్రవారం ప్రిన్సిపాల్ ముందు ఈ మాట నేనే చెబుతాను. నన్ను ఇంటికి పంపినా సరే.