ఒక ముక్క మేతకు పన్నెండు అంగుళాలు

సరోజినీ నగర్, న్యూఢిల్లీ
16 ఫిబ్రవరి 2025, ఆదివారం

చిరంజీవి ప్రవల్లికకు,

నాన్న విష్ణువర్ధన్ ఆశీస్సులతో రాసే సంగతులు. ఇక్కడ నేను కులాసా అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. అక్కడ నువ్వు నిజంగానే కులాసాగా ఉండాలని కోరుకుంటున్నాను.

నీకు తెలుగు చదవడం కూడబలుక్కుంటే గానీ రాదని తెలుసు. ఫోన్ చేస్తే ఎత్తవు. నా మెసేజీలకు నాలుగు నెలల్లో ఒక్క ఠీక్ హై తప్ప జవాబు లేదు. నా హిందీ ఆఫీసు ఫైళ్లకు పనికొస్తుంది గానీ కూతురితో మాట్లాడటానికి చాలదు. అందుకే ఈ ఉత్తరం. నీ రూములో ఉండే గుంటూరు అమ్మాయి దీపు చదివిపెడుతుందనుకుంటాను. అమ్మా దీపూ, నా దస్తూరీ చూసి నవ్వొస్తే నవ్వుకో, ఏమీ అనుకోను.

ముందు చేపల కబురు. నీళ్లు తేటపడ్డాయి. తొట్టె గాజు మీద పాచి లేదు.

మీ అమ్మ పోయాక ఆరునెలలు ఆ తొట్టె వంక చూడలేకపోయాం. అంతా పచ్చగా పాచి పట్టేసింది. నువ్వు కాయీ అనేదానివి, నేను పాచి అనేవాణ్ణి, పేరు ఏదైనా గీకలేక చచ్చాం. అప్పుడే కదా ఇద్దరం కూర్చుని పాచి వల కట్టింది. పాచిని విడిగా ఒక వల మీద పెంచితే నీళ్లలోని మురికిని అదే తినేస్తుంది, వారానికోసారి గీకి పారేస్తే సరి. దుకాణంవాడు తొట్టె ఎన్ని లీటర్లని అడిగి పలకంత వల అంటగట్టబోయాడు. నేను ఒప్పుకోలేదు. కొలవాల్సింది తొట్టెను కాదు, రోజూ వేసే మేతను అని దారి పొడుగునా నీకు క్లాసు పీకాను. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మేత రోజుకొక ముక్క వేస్తే పన్నెండు చదరపు అంగుళాల వల చాలు, వెలుతురు మాత్రం రెండు వైపులా పడాలి.

మీ అమ్మ ఊలు అల్లికలకు కొన్న ప్లాస్టిక్ వల మిగిలి ఉంటే మూడు అంగుళాలకు నాలుగు కోసి, రంపం బ్లేడుతో గరుకు చేశాను. నువ్వు ఎర్ర ఎల్‌ఈడీ దీపాలు బిగించావు. మొదట రోజుకు తొమ్మిది గంటలే వెలిగిద్దాం, పాచి నిలదొక్కుకున్నాక పెంచుదాం అన్నావు. నీ మాటే సరైంది. ఆ సాయంత్రం హాలంతా ఎర్రబడితే పై క్వార్టర్ లక్ష్మీనారాయణ గారు దిగొచ్చి, ఏం పూజ చేయిస్తున్నారండీ అని అడిగారు. ఎన్నాళ్లకో ఇద్దరం పడీ పడీ నవ్వాం.

అప్పుడే నియమం పెట్టాను. మేత సాయంత్రం ఒక్క పూటే, అదీ నీ చేత్తోనే. మీ అమ్మ పొద్దున వేసే ముక్క ఇక లేదన్నాను.

అయినా వల మీద పచ్చటి పాచి రాలేదు. నల్లగా, జిడ్డుగా పట్టింది. వల మోయగలిగిన దానికంటే మేత ఎక్కువ పడుతోందని దాని అర్థం. దీపాల గంటలు పెంచాం, లాభం లేకపోయింది. నెలకు రావాల్సిన మేత ట్రే పదిహేను రోజులకే ఖాళీ అయింది. అది కనిపెట్టింది నువ్వే. ఫ్రిజ్ తలుపు పట్టుకుని, పాపా, యే ఆధే మహీనే మే ఖతమ్ కైసే హో గయా అని అడిగావు. ఆ ఉదయమే నల్ల ఏంజెల్ చేప, గోరంత ఉన్నప్పుడు మీ అమ్మ తెచ్చి పెంచింది, పక్కకు ఒరిగి తేలింది. నేను అరిచాను. దొంగచాటుగా రెండేసి వేస్తున్నావన్నాను. మైనే ఏక్ హీ డాలా, ఒక్కటే వేశానని నువ్వు ఏడ్చావు. అబద్ధాలకోరువన్నాను. మీ అమ్మ చేపను చంపావన్నాను. మర్నాడు పుస్తకాలు రెండు సంచుల్లో సర్దుకుని జియా సరాయ్ వెళ్లిపోయావు. ఆటోలో ఇరవై నిమిషాల దూరం. కోచింగ్ కోసం వెళ్లిందని అందరికీ చెప్పాను.

నువ్వు వెళ్లిన మూడు వారాలకు వల పచ్చబడింది. లక్ష్మీనారాయణ గారు చూసి, పిల్ల జాలికొద్దీ ఎక్కువ వేసి ఉంటుంది, చూశారా, వెళ్లగానే నీళ్లు బాగుపడ్డాయి అన్నారు. నేను తలూపాను. అలా తలూపినందుకు ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

నిన్న కొత్త వల కోశాను. మూడు అంగుళాలకు ఎనిమిది. ఇంకో జత దీపాలు కూడా తెచ్చాను. నీళ్లు తేటగానే ఉంటే ఇంత వల దేనికని లక్ష్మీనారాయణ గారు అడిగితే మాట మార్చేశాను. దీపాలు ఎంత ఎడంగా పెట్టాలో నాకు తెలియదు. మరీ దగ్గరైతే పాచి పసుపుబారుతుందని నువ్వే చెప్పావు. ఒక్క ఆదివారం వచ్చి బిగించి వెళ్లు. ఉండిపొమ్మని అడగను. నువ్వు లేని ఇంట్లో ఉండటం నాకు చేతకావడం లేదు తల్లీ.

దీపుకు ఆశీస్సులు.

నీ కోసం చూస్తుండే
నాన్న

తా.క.: సంతకం పెట్టి, మడిచి, మళ్లీ విప్పాను. అసలు సంగతి రాయనేలేదు. రెండో ముక్క వేసింది నేనే. రోజూ పొద్దున ఆరింటికి, నువ్వు లేవకముందు. మీ అమ్మ వేసే వేళకు చేపలన్నీ పైకొచ్చి గాజు దగ్గర నిలబడేవి. మీ అమ్మ లేదని వాటికి తెలియదు. మేత వేస్తున్నంతసేపూ నాకూ తను ఉన్నట్టే ఉండేది. నియమం పెట్టినవాణ్ణే ఏడుస్తూ మేత వేస్తున్నానని నీతో చెప్పడానికి సిగ్గుపడ్డాను. నువ్వు ఖాళీ ట్రే చూపించగానే దొరికిపోయానని అరిచాను. నువ్వు వెళ్లాక ఆగింది నీ ముక్క. నాది ఈ పొద్దున కూడా వేశాను. కొత్త వల ఇద్దరి ముక్కలకూ సరిపోతుంది. ఇందాకే పైకి వెళ్లి లక్ష్మీనారాయణ గారితో అంతా చెప్పాను. ఆయన నా ముఖం చూడలేక తల దించుకున్నారు. మీ అమ్మ చేపను చంపింది నేను. అబద్ధాలకోరును నేను. నువ్వు ఒక్కటే వేశావమ్మా.