లోపలి గొళ్ళెం

తండా, కురవి దగ్గర
జనవరి చివరి వారం

నా శాంతికి,

నువ్వు సిస్టర్ అవడానికి వెళ్ళిన కన్యాస్త్రీల మఠంలో ఫోన్ ఉండదని, వచ్చిన ఉత్తరం ముందు మదర్ చదువుతారని తెలుసు. చదవనీ. ఈ మాట ఎవరో ఒకరు చదవాలి.

నా ఎడమ చేతికి చిటికెన వేలు, దాని పక్క వేలు లేవు. ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ఏమైందో ఏమైందో అని నువ్వు వెతుక్కుంటూ చదువుతావు.

మా ఆఫీసు కాటారం దాటాక అడవి అంచున ఉంది. భూముల పనులు చూస్తాం. రెండే గదులు. బయటి గదిలో కౌంటర్, లోపలి గదిలో తక్కిన అందరూ. మధ్యలో ఒక తలుపు. బయటి కౌంటర్లో ఎప్పుడూ ఆడపిల్లే కూర్చోవాలి. ఇది ఎక్కడా రాసిన రూలు కాదు. ఆఫీసు నడిపే ప్రభుదాస్ సార్ నేను చేరిన రోజే నవ్వుతూ చెప్పారు. "జనం కోపం మీద వస్తరు భాగ్యా. మొగోడు కనవడితే కాలర్ వడ్తరు. ఆడపిల్ల కనవడితే చెయ్యి ఆగుతది. టీమ్ వర్క్ అంటే గదే. ఎవల జాగల వాళ్ళు నిలవడాలె."

నోట్లోంచి మాట రాని నన్ను తెచ్చి అక్కడ కూర్చోబెట్టారు. తలుపుకు లోపలి పక్కన కళ్యాణి అక్క సీటు. పని నేర్పింది ఆమే. ఫైలు ఎలా నడపాలో, అరిచేవాళ్ళకు ముందు నీళ్ళ గ్లాసు ఎలా అందించాలో చూపించింది. మధ్యాహ్నం ఆమె పచ్చిపులుసు, నా జొన్నరొట్టె కలిపి తినేవాళ్ళం. ఇద్దరం ఒకే గిన్నెలో వేళ్ళు ముంచేవాళ్ళం.

సోమనర్సయ్య అనే రైతు తరచూ వచ్చేవాడు. రికార్డులు మార్చినప్పుడు ఆయన భూమి తమ్ముడి పేరు మీదికి పోయింది. "బిడ్డా, నా సంగతి జర సూడు" అనేవాడు. నేను దరఖాస్తు రాసి లోపలికి పంపేదాన్ని. అది లోపలే ఉండిపోయేది. డిసెంబరులో ఒక పొద్దున తమ్ముడు ఆ పొలంలో ట్రాక్టర్ దింపాడు. అడ్డం పోయిన సోమనర్సయ్యను కొడుకుల ముందే కాళ్ళతో తొక్కాడు. ఆయన అటునుంచి అటే ఆఫీసుకు వచ్చాడు. నోట్లో మట్టి, చేతిలో గొడ్డలి.

"నువ్వు పక్కకు జరుగు బిడ్డా. నాకు లోపలోళ్ళతోని పని" అన్నాడు.

జరిగి ఉండాల్సింది. కానీ భయం వేస్తే మనవాళ్ళ దగ్గరికే పరిగెడతాం కదా. తలుపు దగ్గరికి పరిగెత్తాను. లోపల గొళ్ళెం పెట్టి ఉంది. రెండు అరచేతులతో బాదాను. "కళ్యాణక్కా" అన్నాను. అవతల వాళ్ళ ఊపిరి వినిపిస్తోంది. "తియ్యకు, తియ్యకు" అని కళ్యాణి అక్క పక్క సీటు నగేశన్న గొంతు. గొడ్డలి మొదటి దెబ్బ నా తలపైన చెక్కలో దిగింది. రెండోది నా చెయ్యి ఉన్న చోట పడింది.

నేను "యాడీ" అని అరిచాను. మా తండా భాషలో అమ్మా అని. నెత్తురు తలుపు కింది సందులోంచి లోపలికి పారింది. నాకు తెరుచుకోని దారి దానికి దొరికింది.

నా చేతికి కట్టు కట్టింది ఎవరో తెలుసా? సోమనర్సయ్యే. గొడ్డలి పారేసి, తల రుమాలు చింపి, "అయ్యో బిడ్డా, గిదేంది బిడ్డా" అంటూ చుట్టాడు. పోలీసు జీపు వచ్చాకే గొళ్ళెం తీశారు. అప్పుడు మావాళ్ళందరూ ఒక్కసారిగా బయటికి వచ్చి, పోలీసులు పట్టుకున్న మనిషిని బూట్లతో తన్నారు. నగేశన్న ముఖం మీద తన్నిన తన్నుకు ఒక పన్ను ఎగిరి నా చెప్పు దగ్గర పడింది.

వరంగల్ దవాఖానలో మత్తు దిగకముందే ప్రభుదాస్ సార్ కాగితం తెచ్చారు. తోటి ఉద్యోగులను కాపాడడానికి తలుపుకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డానని, "లోపలికి పోవద్దు" అని అరిచానని, సోమనర్సయ్య నన్ను చంపాలనే కొట్టాడని అందులో ఉంది. సంతకం పెట్టాను. రిపబ్లిక్ డే నాడు భూపాలపల్లిలో మా ఆఫీసుకు బహుమతి ఇచ్చారు. నా ప్రశంసాపత్రానికి బాపు ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. తండాలో ఎవరొచ్చినా "నా బిడ్డ ఆఫీసును కాపాడింది" అంటాడు. ఆ గోడ వైపు చూడకుండా తినడం నేర్చుకుంటున్నాను.

కురవి తండా నుంచి,
నీ భాగ్య

*

భూపాలపల్లి
మార్చి

శాంతీ,

నువ్వు రాసిన నాలుగు లైన్లు చాలాసార్లు చదివాను. "క్షమించాలంటే ముందు జరిగింది చెప్పాలి కదే" అన్నావు. నీకు సులువు. నువ్వు మా ఆఫీసులో పని చెయ్యవు.

నన్ను లోపలి గదిలో, కళ్యాణి అక్క ఎదురుగా కూర్చోబెట్టారు. ఎడమ చేత్తో టైపు చెయ్యలేను కాబట్టి బిల్డింగు పనులు నాకిచ్చారు. సున్నం, నల్లాలు, తలుపులు. ముందు సీటులో కొత్తగా వచ్చిన పద్మలత ఉంది. తరిగొప్పుల అమ్మాయి. గలగలా మాట్లాడుతుంది. ప్రభుదాస్ సార్ ఆమెకూ అదే మాట చెప్పారు, అదే నవ్వుతో. నా చేతి వైపు చూస్తూనే చెప్పారు.

కళ్యాణి అక్క పచ్చిపులుసు ఇంకా తెస్తుంది. ఇప్పుడు నా వాటా వేరే గిన్నెలో పోసి ఇస్తుంది.

గొళ్ళెం పెట్టింది ఆమేనని నాకు తెలుసు. ఆ సీటులోంచి లేవకుండానే చెయ్యి అందుతుంది. నాకు తెలుసునేమోనని ఆమెకూ అనుమానం. ఇద్దరం పప్పులో ఉప్పు గురించి మాట్లాడుకుంటాం.

మొన్న మాకు శిక్షణ పెట్టారు. హైదరాబాద్ నుంచి అరుణ్ అనే ఆయన వచ్చారు. చెవికి మైకు, తెర మీద బొమ్మలు. కళ్ళు మూసుకుని వెనక్కి పడాలట. మన టీమ్ పట్టుకుంటుందట. నా వెనక కళ్యాణి అక్కను నిలబెట్టారు.

"పడవే. పట్టుకుంట" అంది మెల్లగా. నేను పడలేదు.

"నమ్మకం లేదా మేడమ్?" అన్నారు అరుణ్.

"ఆమె తలుపుకే అడ్డం వడ్డ మనిషి సార్. ఎనుకకు వడుడు ఆమెకు రాదు" అన్నాడు నగేశన్న. అందరూ చప్పట్లు కొట్టారు.

మరునాడు లచ్చవ్వ వచ్చింది. సోమనర్సయ్య భార్య. కౌంటర్ దాటి, తలుపు దాటి, తిన్నగా నా దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. లేని వేళ్ళ చోటును బొటనవేలితో తడిమింది.

"ఆయన తలుపు మీద ఏసిండు బిడ్డా. నీ మీద కాదు. నువ్వు తలుపు తీయుండ్రని మొత్తుకుంటనే ఉన్నవట. గా మాట కోర్టుల నువ్వొక్కదానివే చెప్పగల్గుతవ్. చెప్పకపోతే ఆయన జైల్లనే సస్తడు."

"ఏయ్ ముసల్దానా, ఆమెను బెదిరిస్తున్నవా?" అంటూ నగేశన్న లేచాడు. రెక్క పట్టి బయటికి ఈడ్చుకుపోయి మెట్ల మీదికి తోశాడు. ఆమె నుదురు బండకు తగిలి పగిలింది. నెత్తురు కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోకుండా తలుపులోంచి నన్నే చూసింది. నేను కూర్చునే ఉన్నాను. కళ్యాణి అక్క కూడా.

ఆ సాయంత్రమే గొడ్డలి గాట్లు పడిన తలుపు మార్చడానికి వడ్లాయన వచ్చాడు. "గొళ్ళెం ఎటుదిక్కు పెట్టాలె మేడమ్?" అని అడిగాడు.

"ఏ దిక్కూ వద్దు" అన్నాను.

బయటి గేటుకు తాళం ఉంది కదా, పగలు ఈ తలుపు తెరిచే ఉంటుంది కదా అని నేనే సర్దిచెప్పాను. ఆయన తల ఊపి చెక్క నున్నగా చేసి పోయాడు. పాలిష్ చూసి ప్రభుదాస్ సార్ మెచ్చుకున్నారు. గొళ్ళెం లేదని ఎవరూ గమనించలేదు.

మనం చదువుకున్న జనగామ హాస్టల్‌లో కోతులు పడ్డప్పుడు గుర్తుందా? అందరూ లోపలికి వచ్చేదాకా తలుపు పక్క మంచం పిల్ల తలుపు పట్టుకుని నిలబడాలి. నీ మంచం అదే. ఒకసారి కోతి నీ భుజం కొరికి చర్మం లాగేసింది. నువ్వు తలుపు వదల్లేదు. ఆ మచ్చ ఉందా ఇంకా?

నేను చేసింది మంచో, పగో నాకే తెలియడం లేదు. మదర్‌కు తెలిస్తే రాయమను.

నీ పక్క మంచం,
భాగ్య

*

భూపాలపల్లి
నవంబర్

శాంతీ,

ఇన్ని నెలలు రాయలేదు. కోపం తెచ్చుకోకు. రాయడానికి వీల్లేని పని ఒకటి జరిగింది.

వానలు పడ్డాక హద్దుల కొలతలు మొదలయ్యాయి. ఒక ఊరి హద్దు తప్పుగా పడింది. ట్రాక్టర్ నిండా మొగవాళ్ళు వచ్చారు. కట్టెలు, గడ్డపారలు. వచ్చినవాళ్ళు ఆడపిల్లను చూసి ఆగలేదు. పద్మలతను జుట్టు పట్టి కౌంటర్ మీంచి లాగారు. ఆమె ముఖం కౌంటర్ అద్దాన్ని పగలగొట్టుకుంటూ అవతలికి పోయింది.

లోపల కళ్యాణి అక్క తలుపు మూసింది. ఆమె చెయ్యి గొళ్ళెం ఉండే చోటికి పోయింది. నున్నటి చెక్కను తడిమింది. కింద తడిమింది. మళ్ళీ పైన తడిమింది.

"గొళ్ళెం ఏది? గొళ్ళెం ఏదే?" అని నగేశన్న అరుస్తున్నాడు.

బయట పద్మలత "అక్కా, అక్కా" అంటోంది. కళ్యాణి అక్క తిరిగి నా వైపు చూసింది. ఒక్కసారే. అంతా అర్థమైన చూపు. తర్వాత ఇనుప స్టూలు ఎత్తుకుని, తలుపు తనే తీసి బయటికి పోయింది.

నేను వెనకే వెళ్ళాను. మా వెనక నగేశన్న తలుపు మూసి, వీపు ఆనించి ఆపబోయాడు. వచ్చినవాళ్ళ ఒక్క తోపుకు తలుపూ ఆయనా కలిసి పోయి గోడకు కొట్టుకున్నారు. ఇక దాక్కోవడానికి చోటు లేదు. అందరూ కొట్లాడారు శాంతీ. నగేశన్న ఒకడి చెవి కొరికాడు, నోరంతా ఎర్రగా అయ్యేదాకా వదల్లేదు. ఆయన పక్కటెముకలు విరిగిన చప్పుడు నేను విన్నాను. టేబుల్ కింద దూరిన ప్రభుదాస్ సార్‌ను కాళ్ళు పట్టి లాగి కట్టెతో దవడ మీద కొట్టారు. నేను మూడు వేళ్ళ చేత్తో ఒకడి కళ్ళలో గీరాను. నాలో అంత ఉందని నాకు తెలియదు. తెలిసినందుకు సంతోషంగా లేదు.

కళ్యాణి అక్క పద్మలత మీద బోర్లా పడుకుంది. దెబ్బలన్నీ ఆమె వీపు మీద, తల మీద పడ్డాయి. గడ్డపార మొన కుడి కన్నులో దిగింది. అప్పుడు కూడా కింద ఉన్న పిల్లను వదల్లేదు.

పేపర్లు మా ఐకమత్యాన్ని పొగిడాయి. అరుణ్ ఫోన్ చేసి శిక్షణలో చూపించడానికి గ్రూప్ ఫోటో అడిగారు. దవడకు తీగలు కట్టించుకున్న ప్రభుదాస్ సార్ మాట్లాడలేక చీటీ మీద రాసిచ్చారు, తలుపుకు రెండు గొళ్ళేలు పెట్టించమని. తెప్పించాను. నా సొరుగులో ఉన్నాయి. ముందు సీటు తలుపుకు లోపలి వైపుకు మారినాకే బిగిస్తానని ఫైలు మీద రాశాను. ఆయన చాలాసేపు చూసి సంతకం చేశారు.

దవాఖానలో కళ్యాణి అక్క కట్టు కింది నుంచి ఒక కన్నుతో చూస్తూ అడిగింది.

"నువ్వే తీపిచ్చినవా?"

"అవునక్కా."

"నా చెయ్యి ముందుగాల దాని కాడికే పోయింది. దొరికితే పెడుదునే భాగ్యా. పద్మను బయటనే ఇడిసిపెడుదు. నన్ను మంచిదాన్ని అనకుండ్రి." నా ఎడమ చేతి వైపు చూసింది. "నీకు పెట్టింది గూడ నేనే."

"తెలుసక్కా."

"తెలిసి నాతోని అన్నం ఎట్ల తిన్నవే?"

ఆ కన్ను నా వల్ల పోయింది. నా వేళ్ళు ఆమె వల్ల పోయాయి. పద్మలత బతికి ఉంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి ఎన్నిసార్లు చూసినా ఏదీ దేన్నీ చెరిపెయ్యడం లేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఎడమ చేత్తోనే.

"కోర్టుల చెప్పు. నా పేరు చెప్పు. నేనూ వస్త" అంది.

ముందు బాపుకు చెప్పాను. ఫ్రేము తీసేస్తాడనుకున్నాను. తీయలేదు. "వేళ్ళు వోయింది అబద్ధం కాదు గద బిడ్డా" అని, నాతో కోర్టుకు వచ్చాడు.

నిన్న నా వంతు వచ్చింది. ఒక పక్క సోమనర్సయ్య, పన్ను ఊడిన నోటితో. వెనక బెంచీలో లచ్చవ్వ, కళ్యాణి అక్క పక్కపక్కన కూర్చున్నారు. ఒకరి నుదుట మచ్చ, ఒకరి కంటికి కట్టు. తలుపుకు గొళ్ళెం పెట్టి ఉందని చెప్పాను. గొడ్డలి దెబ్బలు తలుపుకు వేసినవేనని, నేను ఎవరినీ కాపాడలేదని, లోపలికి పోవాలని బాదానని చెప్పాను. ముందు రాసిచ్చిన దానికి ఇది పూర్తిగా వేరుగా ఉందే అని జడ్జిగారు అన్నారు. అవునన్నాను. దీనికి నా మీద చర్య ఉండొచ్చన్నారు. సరేనన్నాను.

"'లోపలికి పోవద్దు' అని అరిచినట్టు ఇక్కడ ఉంది. అసలు ఏమని అరిచారు?"

ఆఫీసులో ఎప్పుడూ మా భాష మాట్లాడలేదు. కోర్టంతా వినేటట్టు చెప్పాను.

"యాడీ" అన్నాను.

"అంటే?"

నేను నోరు తెరిచేలోపు వెనక బెంచీ నుంచి కళ్యాణి అక్క లేచి నిలబడింది.

"అమ్మా అని, సార్" అంది. "నేను ఇన్న. తలుపుకు ఇవతల నేనే ఉన్న."

నీ
భాగ్య