పంజాగుట్టలో ఇంకో క్లాసు

అన్నా, ఈ మెసేజ్ నీకు చేరదని తెలుసు, అయినా పంపుతున్నాను.

నువ్వు చనిపోయాక, అమీర్‌పేటలో నువ్వు నడిపిన పెద్దల చదువు క్లాసు మూతపడుతుందని చాలా భయపడ్డాను. మూతపడలేదు. మీ సంఘంవాళ్లు ఇవాళ పంజాగుట్టలో ఇంకోటి మొదలుపెట్టారు.

నిరుడు నేర్చుకున్నవాళ్లే కొత్తవాళ్లకి మొదటి పాఠం చెప్పాలని నువ్వే రూలు పెట్టావు కదా, అందుకని నన్ను నిలబెట్టారు. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఒకటే వణుకు.

ముందు కూర్చున్న ఆటో యాదగిరి మామ, "ఏందిరా, సదువు రానోళ్లం మేం భయపడాలె గని, నువ్వు వణుకుతున్నవేంది? జర కూసొని చెప్పు" అన్నాడు.

అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. కూర్చునే చెప్పాను. క్లాసు అయ్యేసరికి మామ తన పేరులో మొదటి అక్షరం రాసి చూపించాడు.

"రేపు సుత నువ్వే రావాలె" అన్నాడు.

రానని అనలేదు అన్నా.