మడత పెట్టిన పేజీ

అక్కా,
కాలు బాగానే అతుక్కుంటోంది, ఇంకో పదిరోజుల్లో కట్టు విప్పుతారు, బెంగ పెట్టుకోకు. కరెంటు స్తంభం మీంచి పడ్డప్పటినుంచి నెలరోజులుగా గదిలో ఒక్కణ్నే ఉన్నాను. ఇంటి ఓనరమ్మ చూడ్డానికొచ్చి, చనిపోయిన వాళ్లాయన దాచుకున్న పాత నవలల పెట్టె ఇచ్చింది. అన్నీ దయ్యాలూ, వేరే గ్రహాలవాళ్లే. ఆవిడకి చదవడం రాదు. రోజూ మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని, నేను చదివిన కథ చెప్పించుకునేది.

చివరి పుస్తకంలో సగం దగ్గర పేజీ మడిచి ఉంది.

"ఆయన పోయేముందు చదువుతున్నది అదే. అక్కడిదాకానే చెప్పు బాబూ," అంది.

చంద్రుడి మీదికెళ్లిన వాళ్ల రాకెట్టు చెడిపోయి, ఇంటికి కబురందని చోట ఉంది ఆ మడత. అంతవరకూ చెప్పాను. లేచి వెళ్లింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, "ఇంతకీ వాళ్లు ఇల్లు చేరారా?" అనడిగింది.

నేనూ అక్కణ్నించి ముందుకి చదవలేదు. అయినా చేరారని చెప్పేశాను. కథ అయిపోయిందనుకుందో, నా అబద్ధం పసిగట్టిందో, అప్పట్నుంచీ ఆవిడ కథకి రావడం లేదు. మధ్యాహ్నాలు గడవడం లేదు.

బావ దగ్గు తగ్గిందా? కుట్టుమిషను బాగుచేయించావా? నా స్వెట్టరు పంపు. బావకి నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు. ఈసారి నువ్వు కార్డు ముక్క రాయకు, కవరులో పెద్ద ఉత్తరం రాయి.

నీ తమ్ముడు