అడిగి ముట్టుకోమన్నావు కదా, బీబమ్మక్కా

బీబమ్మక్కా, ఎలా ఉన్నావు? ఈ మాట అడగడానికి నోరు రావడం లేదు గానీ, అడక్కుండా మొదలుపెడితే నువ్వే తిడతావు.

నువ్వు పోయి ఏడాది దాటింది. నిన్ను పెట్టెలో రాయచోటికి పంపిన వారానికే ఇక్కడ కువైట్‌లో మన మంగఫ్ గది ఖాళీ చేశాను. నీ మంచం పక్కన పడుకోవడం నావల్ల కాలేదు. క్లీనింగు కంపెనీ వదిలేసి, ఇఖామా కాగితం కొత్త యజమాని పేరుకి మార్చుకొని, ఎగైలాలో ఒక చైనావాళ్ళ ఇంట్లో చేరాను. వాళ్ళేం తింటారే అని అడగబోతున్నావు కదూ? కొర్రలు తింటారక్కా! నమ్మవా? బాలింత ఇంటామెకని వాళ్ళమ్మ చైనా నుంచి పంపిన సంచి విప్పి చూస్తే, మన కొర్రబియ్యమే. గంజి కాచి బెల్లంలాంటి నల్లచక్కెర వేసి ఇస్తారు. నాకు నవ్వాగలేదు.

ఇంటామె పేరు లిన్. ఇక్కడ యజమానురాళ్ళని పిలిచినట్టు మామా అంటే వద్దంది, పేరుతోనే పిలవమంది. వాళ్ళాయన ఇంజనీరు, అహ్మది అవతల ఎడారిలో పని. వారానికోసారి వస్తాడు. కాన్పుకి లిన్ వాళ్ళమ్మ రావాల్సింది, వీసా అందలేదు. అందుకే నన్ను పెట్టుకున్నారు. వాళ్ళమ్మ ఫోనులోంచి చెబుతూ ఉంటుంది, ఆ మాటల్ని ఫోనే తెలుగు చేస్తుంది, నేను చేస్తూ ఉంటాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే నాకు అనుమానం వచ్చిందక్కా. పాప ముద్దుగా ఉంది, ఒత్తుగా జుట్టు. లిన్ మాత్రం పాప వైపు చూడదు. పాలు పిండి సీసాలో పోసి ఇస్తుంది, ఒళ్ళోకి మాత్రం తీసుకోదు. వాళ్ళాయన ఫోను చేసి బిడ్డ బాగుంది, నువ్వు బాగున్నావు, ఇంకేం కావాలి అంటాడట. లిన్ తలూపుతుంది... అంతే.

ఒకరోజు వంటింట్లో నా చేయి జారి స్టీలు పళ్ళెం కిందపడింది. పరుగున వెళ్ళి చూస్తే లిన్ మంచం మీద మోకాళ్ళు రొమ్ముకు హత్తుకొని, చెవులు మూసుకొని వణుకుతోంది. నన్ను నేనే చూసుకున్నట్టయింది. గుర్తుందా నీకు? ఆ శుక్రవారం మన గదిలో నువ్వు పళ్ళెం పడేస్తే నేనూ అలాగే కూలబడ్డాను కదా. అందరూ దీనికి పిచ్చి అన్నారు. నువ్వొక్కదానివే నా పక్కన నేలమీద చతికిలబడి అడిగావు.

"ఏం మే ఈశూ... కాన్పులో ఏమాయ నీకు?"

గీత పుట్టి అప్పటికి ఎన్నేళ్ళయిందో! మా అమ్మ గానీ, మా ఆయన గానీ, ఒక్కరూ అడగని మాట. కాన్పుగదిలో అరిస్తే తొడమీద కొట్టారనీ, కాళ్ళు కట్టేసినట్టు పట్టుకున్నారనీ, పనిముట్ల పళ్ళెం మోత వింటే ఇప్పటికీ చస్తున్నాననీ నీకే చెప్పాను. నా బిడ్డను చూస్తే నాకా గదే గుర్తొస్తుందని కూడా చెప్పాను. ఛీ అంటావనుకున్నాను. నువ్వు అనలేదు. నీ మొదటి బిడ్డ చచ్చి పుడితే మళ్ళీ పుడతారులే అని అందరూ అన్నారనీ, నీకేమైందని ఎవరూ అడగలేదనీ చెప్పావు. ఆ తర్వాతేనక్కా, మా అక్క దగ్గర పెరుగుతున్న గీత ముఖాన్ని వీడియోలో నిండుగా చూడగలిగింది. ఇప్పుడది రోజూ ఫోను చేసి నా ప్రాణం తోడేస్తోంది. ఆ పుణ్యం నీదే.

సరే, లిన్ దగ్గరికి వస్తాను. వాళ్ళత్తగారు వచ్చి పాపను చైనాకి తీసుకెళ్తుందని ఖాయం చేశారు. అక్కడ చాలా ఇళ్ళల్లో నానమ్మలే పెంచుతారట, తప్పేం కాదట. లిన్ ఒద్దనలేదు, ఊ అనలేదు. ఇష్టపడి పంపితే వేరు. భయపడి పంపితే? ఆ భయం బిడ్డతో పాటు విమానం ఎక్కదు కదా... ఇక్కడే మిగిలిపోతుంది. నాకు తెలియదా?

ఏం చేయాలో తోచక మన పద్ధతి మొదలుపెట్టాను. నువ్వులనూనె కాచాను, టబ్బు నిండా కాగే నీళ్ళు పట్టాను, చెంబు పట్టుకొని లిన్‌ను రమ్మన్నాను. అంతే, ఫోనులో వాళ్ళమ్మ ఒకటే కేకలు! వాళ్ళలో నెల తిరిగేదాకా బాలింత తలకు నీళ్ళు తగలకూడదట. మనకేమో పోసినకొద్దీ మంచిది. లిన్ భయపడి గోడకు అతుక్కుపోయింది. నేను చెంబుతో వెర్రిముఖం వేసుకొని నిలబడ్డాను. నువ్వుంటే పొట్ట పట్టుకొని నవ్వేదానివి.

చివరికి వాళ్ళమ్మే ఒక దారి చెప్పింది. అల్లం వేసి మరిగించిన నీళ్ళలో గుడ్డ ముంచి ఒళ్ళు తుడవొచ్చట. అలాగే చేశాను. చేతులు తుడిచాను, వీపు తుడిచాను. కాళ్ళ దగ్గరికి వచ్చి మోకాలు పట్టుకున్నానో లేదో, లిన్ ఒళ్ళంతా కర్రలా బిగిసిపోయింది.

అప్పుడు నీ మాట చెవిలో పడ్డట్టే అనిపించింది. నాకు కాళ్ళనొప్పులొస్తే నూనె రాసేముందు ప్రతిసారీ ఆగి చూసేదానివి.

"అడిగి ముట్టుకోవాల మే. కాన్పుగదిలో ఎవురూ అడిగి ముట్టుకోరు."

చెయ్యి తీసేశాను. గుడ్డ చూపించి, కాలు చూపించి, కళ్ళతోనే అడిగాను. లిన్ చాలాసేపు చూసింది. తలూపింది. పాదం తుడిచి మళ్ళీ ఆగాను, మళ్ళీ అడిగాను. పిక్క... ఆగాను. మోకాలి దగ్గర తల అడ్డంగా ఊపింది. సరేనని గుడ్డ పక్కన పెట్టేశాను. అప్పుడు ఏడ్చిందక్కా. వాళ్ళమ్మ ఫోనులోంచి వద్దు వద్దని చేతులు ఊపుతోంది. బాలింత ఏడిస్తే కళ్ళు పోతాయట, వాళ్ళలోనూ అదే మాట! నా నోట్లోంచీ అదే రాబోయింది. మింగేశాను. ఫోను మెల్లగా బోర్లా పెట్టాను.

లిన్ చైనా భాషలో చెప్పుకుంటూ పోయింది. నాకొక్క ముక్క అర్థం కాలేదు. అయినా కదల్లేదు. తర్వాత తన ఫోను అందులో కొంత తెలుగు చేసి చదివింది. వంకర తెలుగే గానీ తెలిసింది. నొప్పుల్లో ఏం చేస్తున్నారో ఎవరూ చెప్పలేదట. వాళ్ళాయన్ను బయటే ఆపేశారట. నెత్తురు ఆగకపోతే అందరూ పరుగులు పెట్టారట గానీ, తను చచ్చిపోతోందా బతుకుతోందా అంటే ఒక్కరూ తన ముఖంలోకి చూడలేదట. తనని కాపాడారు, ఆ మాట తనే చెప్పింది, వాళ్ళకి దండం పెడుతుంది. కానీ తనొక మనిషినని ఆ గదిలో ఎవరికీ గుర్తు లేదని అంది... రెండూ నిజమే కదక్కా?

అప్పటినుంచి రోజూ అదే పని. అడగడం, ఆగడం, తుడవడం, వినడం. ఒకరోజు నా చేయి పట్టుకొని, నీకేం జరిగిందని ఫోనులో అడిగింది. నేను తెలుగులో మొత్తం చెప్పాను. తనకీ అర్థం కాలేదు. తనూ కదల్లేదు. ఇప్పుడు వాళ్ళ దేశం డాక్టరమ్మతో ఫోనులో మాట్లాడుతోంది, మనసుకు చూసే డాక్టరు. ఇంకా ఉలిక్కిపడుతుంది. నేను గిన్నెల కింద గుడ్డలు వేస్తున్నాను.

అత్తగారు వచ్చింది, మంచి మనిషే. ప్రయాణం రోజు పాప సంచి నేనే సర్దాను. ఏడుపు ఆపుకోవడానికి దేవుళ్ళందరినీ తిట్టాను, మీ దేవుణ్ణి కూడా, ఏమనుకోకు. బయలుదేరే వేళకు లిన్ లేచి తొట్టెలో పాప మీదికి వంగింది. అందించడానికే అనుకున్నాను. కానీ ఎత్తుకోలేదు. చేతులు చాచి, ఆగి, నెమ్మదిగా ఏదో అడిగింది. బుజ్జిదానికి ఏం తెలుసు, కాళ్ళాడించింది. అప్పుడు ఎత్తుకొని రొమ్ముకు హత్తుకుంది. ఎవరికీ ఇవ్వలేదు. వాళ్ళాయన గోడకు ఆనుకొని నిలబడి చూశాడు, తర్వాత వెళ్ళి పాప టిక్కెట్టు రద్దు చేయించాడు. అత్తగారు ఒక్కతే విమానం ఎక్కింది, పోతూ కోడలి తల నిమిరి పోయింది.

ఇదంతా నాకెవరు నేర్పారని నిన్న లిన్ అడిగింది. నీ పేరు చెప్పాను. తన నోరు తిరగలేదు. పట్టువదలకుండా, సరిగ్గా వచ్చేదాకా అంటూనే ఉంది... బీ-బమ్-మ. ఈ కువైట్‌లో నీ పేరు తెలిసిన మనిషి ఇంకొకరు పెరిగారక్కా. పాప పెద్దయ్యాక దానికీ నేర్పుతుందట. నువ్వెన్నడూ చూడని ఆ తల్లీబిడ్డల తరఫున, నా తరఫున, నా గీత తరఫున... సలాం.

నీ చెల్లెలు,
ఈశ్వరమ్మ